చిక్కనీళ్ళ సీసా

కిందటి వారం మనం ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆగాం. మామగారికి మళ్ళీ జ్వరం వచ్చి తగ్గింది. పక్షవాతం వచ్చి కుడి పక్క, మాట, మింగుడు అన్నీ ఒకేసారి పడిపోయిన దగ్గర్నుంచి ఆయనకి ఛాతీలో నెమ్ము చేరడం, ఒళ్ళు కాలిపోవడం మామూలైపోయింది. ఈసారి మాత్రం అత్తగారు కారణం కనిపెట్టేసింది. మనవరాలి చొంగ. నాలుగేళ్ళు నిండుతున్నా మాట రాని, మూతి నిలవని బుడ్డి తాత ఒళ్ళోకెక్కి చొంగ కారుస్తోందట, ఆ మురికే ఆయన గుండెల్లోకి దిగుతోందట. తాతనీ మనవరాలినీ ఒకే ఆటోలో, ఒకే థెరపీ సెంటరుకి తీసుకెళ్ళడం ఇక కుదరదని తేల్చేసింది. వేరువేరుగా తీసుకెళ్ళడానికి ఆ ఇంట్లో మనుషులూ లేరు, మనసూ లేదు. ఆయన్ని మానిపించలేరు కాబట్టి బుడ్డినే మానిపించాలి. ఆ మాట సెంటర్లో చెప్పెయ్యడానికి కొడుకు చేత సెలవు పెట్టించి మరీ వెంటబెట్టుకొచ్చింది.

ఆటోలో కోడలు కూతురి మూతినే చూస్తూ కూర్చుంది. బుడ్డి పెదాలు ఇప్పుడిప్పుడే కలుస్తున్నాయి. సెంటర్లో ఊదించే గొట్టం నోట్లో పెడితే పెదాలు బిగించి పట్టుకుంటోంది. ఇప్పుడు మానిపిస్తే అదంతా జారిపోతుంది, మళ్ళీ అందుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. కోడలికి చదువు మధ్యలోనే ఆగిపోయింది, పెద్దవాళ్ళతో వాదించడం రాదు. కానీ కూతురి మూతి మీద పెదాలు కలవడం ఎంత కష్టపడితే వచ్చిందో ఆ ఆటోలో ఆమెకొక్కదానికే తెలుసు.

సెంటరు హాల్లో ఎప్పటిలాగే ఫినాయిలు వాసన. దాని కింద విరిగిన పాల వాసన, దాని కింద ముసలి కాళ్ళకి రాసే నూనె వాసన. ఒక గోడ వారగా పెద్దవాళ్ళు పట్టుకుని నడిచే ఇనప కమ్మీలు. ఇంకో గోడ వారగా పిల్లలు పొర్లే నీలం రెగ్జిను పరుపులు. ఏ పరుపు మీద చూసినా ఎవరిదో ఒకరిది తడి.

అత్తగారు సంచీలోంచి పాత దుప్పటి ముక్క తీసి ప్లాస్టిక్ కుర్చీ మీద పరిచి, దాని మీద ఆచితూచి కూర్చుంది. గోడ మీంచి పడి నడుం విరిగిన మొగుణ్ణి నడిపించడానికి రోజూ వచ్చే మేస్త్రీ పెళ్ళాం అది చూసి కోడలి వైపు వంగింది.

"మీ అత్తగారు కుర్చీకి దుప్పటి కప్పిందే. పాపం దానికి చలేస్తోందా?"

ఇంకో రోజైతే కోడలు నవ్వేది.

బుడ్డి చేతిలో పసుపుపచ్చ రింగు పట్టుకుని, తూలుకుంటూ తాత చక్రాల కుర్చీ వైపు బయల్దేరింది. అత్తగారు కాలు అడ్డం చాపింది.

"అమ్మాయ్, దీన్ని అటు లాక్కో."

"తాత దగ్గరికే కదత్తయ్యా."

"అందుకే లాక్కోమంటున్నా."

అప్పుడే మామగారి మూతి కుడి కొసనుంచి సన్నటి చొంగ తీగ జారింది. అత్తగారు తెల్లటి మెత్తటి చేతిరుమాలు తీసి, పసిబిడ్డ బుగ్గ అద్దినట్టు అద్ది, మడిచి, మళ్ళీ జాకెట్లో దోపుకుంది. అదే క్షణంలో బుడ్డి గడ్డం కిందా ఓ చుక్క వేలాడింది. అత్తగారు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తల తిప్పేసింది.

కోడలు రెండింటినీ చూసింది. అదే తీగ, అదే మెరుపు. తాత మూతి మీద ఉంటే రుమాలు, పిల్ల మూతి మీద ఉంటే ఛీ. ఇంట్లో బుడ్డి కంచం, గ్లాసు కిటికీ గట్టు మీద వేరేగా బోర్లించి ఉంటాయి. వాటిని తాకినందుకు కోడలు చేతులు మళ్ళీ కడుక్కోవాలి. కిందటి జ్వరం తర్వాత మామగారి గిన్నెలూ చెంబులూ కూడా ఆమెకి నిషిద్ధమైపోయాయి. "మా ఆయన నీళ్ళు నేనే కలుపుకుంటా. నీ చేతులు ఇరవై నాలుగ్గంటలూ దాని చొంగలోనే ఉంటాయి" అంది అత్తగారు. కోడలి మొగుడు అన్నం కలుపుకుంటూ విన్నాడు, కలుపుకుంటూనే ఉన్నాడు.

మామగారు బాగున్న ఎడం చెయ్యి కుర్చీ పక్కనుంచి చాపారు. అరచెయ్యి పైకి తిప్పి, బుడ్డి వైపు.

బుడ్డి ఆగింది. ఆ అరచేతినే చూసింది. తర్వాత కాపలా లాంటి ఆ నాయనమ్మ కాలుని చుట్టి వెళ్ళి, రింగుని తీసుకెళ్ళి తాత అరచేతిలో పెట్టి, పెదాలు గట్టిగా మూసి అందరి మొహాలూ చూసింది.

కోడలు చప్పట్లు కొట్టింది. మేస్త్రీ పెళ్ళామూ కొట్టింది. చెయ్యి చాపితే ఇవ్వాలి, ఇది ఈ నెల్లాళ్ళుగా స్పీచ్ మేడమ్ బుడ్డికి నేర్పుతున్న పాఠం. మాట రావడానికి ముందు ఇవ్వడం, పుచ్చుకోవడం రావాలట. ఇచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాలట. అది ఒంటబట్టాక బుడ్డికి పగ్గాల్లేవు. ఎవరు చెయ్యి చాపినా చేతిలో ఉన్నది పెట్టేస్తుంది, చప్పట్ల కోసం నిలబడుతుంది. మొన్న బస్టాపులో అడుక్కునే ఆయన చెయ్యి చాపితే కాలి చెప్పు విప్పి ఇచ్చింది. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు పాపం.

అత్తగారు ఆ రింగుని మొగుడి చేతిలోంచి రెండు గోళ్ళతో తీసి కింద పడేసి, ఆయన అరచెయ్యి తుడిచి తుడిచి ఎర్రగా చేసింది.

*

లోపలి గది చిన్నది. గోడకి అద్దం, బల్ల మీద గొట్టాలు, చెంచాలు, బుడ్డికి సరిపోయే పొట్టి కుర్చీ, దాని ముందు పొట్టి బల్ల. మామగారి చక్రాల కుర్చీని గుమ్మం పక్కన సర్దారు. స్పీచ్ మేడమ్ చిన్నపిల్లే, కానీ చూపు సూదిలా ఉంటుంది.

"రా బుడ్డీ, ముందు నువ్వే" అంది.

"ఈ రోజు ఎవరూ కూర్చోరు. మాట్లాడాలి" అంది అత్తగారు. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "దీని చొంగ వల్ల మా ఆయనకి జ్వరాలొస్తున్నాయి. దీన్ని ఇక తీసుకురాం. ఆ టైము కూడా ఆయనకే ఇచ్చెయ్యండి. మా అబ్బాయీ ఒప్పుకున్నాడు."

మేడమ్ ఆ అబ్బాయి వైపు చూసింది. ఆయన అద్దం వైపు చూశాడు.

"చొంగ వల్ల ఛాతీలో నెమ్ము చేరదమ్మగారూ."

"నీకు పెళ్ళయిందా?"

"లేదండీ."

"అదీ సంగతి. కాపురం చేస్తే తెలుస్తాయి ఇలాంటివి."

మేడమ్ మొహంలో ఏమీ మారలేదు. "తాతగారి గొంతు పట్టు తప్పింది కదా. మామూలు నీళ్ళు గబుక్కున జారి, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నెమ్ము అలా చేరుతుంది. అందుకే పొడి కలిపి చిక్కగా చేసి ఇమ్మన్నాం. చిక్కవైతే మెల్లగా దిగుతాయి, గొంతుకి సర్దుకునే వీలుంటుంది. చిక్కనీళ్ళే ఇస్తున్నారా?"

"గుక్కగుక్కకీ అవే." అత్తగారు సంచీలోంచి స్టీలు సీసా తీసి బల్ల మీద ఠపీమని పెట్టింది. "ఎక్కడికెళ్ళినా మోసుకు తిరుగుతున్నా."

"పొలమారుతోందా?"

"ఎప్పుడైనా. మనిషన్నాక ఎవరో ఒకరు తలుచుకోరా? నెత్తి మీద తడితే తగ్గిపోతుంది."

"పొలమారి దగ్గితే ఒక విధంగా నయం. తప్పు దారిన పోయింది బయటికొస్తుంది. లోపలికి పోయినా దగ్గు రాలేదనుకోండి, అప్పుడు నాకు భయం." మేడమ్ సీసా దగ్గరికి లాక్కుంది. "మీరు కలిపినవే తాగిద్దాం. ఎలా మింగుతున్నారో చూస్తాను."

"ఇప్పుడే తాగారు."

"ఒక్క చెంచా."

"కడుపు నిండా తాగారమ్మా. ఎందుకు ఆయన్ని బలవంతం చెయ్యడం" అంటూ అత్తగారు సీసా అందుకోబోయింది. అప్పటికే మేడమ్ మూత తిప్పుతోంది. అది కరుచుకుపోయింది. చెంగుతో పట్టుకుని తిప్పితే చిన్నగా బుస్సుమంటూ ఊడింది.

ఆ వాసన ఎలాంటిదంటే, ఎలుక చచ్చిన మూల తడిగుడ్డ పడేసి మర్చిపోయి, ఆ గుడ్డతోనే మొహం తుడుచుకున్నట్టు. మేడమ్ సీసా దూరంగా పెట్టేసింది. కోడలి మొగుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ పట్టుకున్నాడు. సీసా నిండా, అంచుదాకా, చిక్కనీళ్ళు అలాగే ఉన్నాయి. పైన బూడిదరంగు మీగడ కట్టింది. మీగడ మీద నల్లటి చుక్కలు, చుక్కలకి నూగు. ఎన్నాళ్ళ నాటివో. కలిపిన రోజున కలిపినట్టే, ఒక్క గుక్క తగ్గకుండా, ఇంటినుంచి సెంటరుకీ సెంటరు నుంచి ఇంటికీ పెళ్ళివారి పెట్టెలా ఊరేగాయి.

"ఎండకి పాడైనట్టున్నాయి" అంది అత్తగారు.

ముక్కు మూసుకోవడానికి ఆవిడ ఇంకో రుమాలు కోసం సంచీలో తడుముకుంటుంటే సంచీ వాలింది. అందులోంచి ఇంకో సీసా తల బయటికొచ్చింది. పల్చటి ప్లాస్టిక్ సీసా, ఆకుపచ్చ మూత. కోడలు వంగి తీసింది. మూత విప్పి వాసన చూసింది. మంచినీళ్ళు. సగం ఖాళీ.

ఆమెకి ముందు తట్టింది నీళ్ళు కాదు, ఆ మూత. ఒక పక్క కరిగి వంకర పోయి ఉంది. పొయ్యి పక్కన పెట్టి ఆమే కరిగించింది. మొగుడు ఆఫీసుకి తీసుకెళ్ళే సీసా అది. పోయిందన్నాడు. ఆఫీసులో ఎవరో కొట్టేశారని రెండు పూటలు వాళ్ళని తిట్టాడు కూడా.

"ఏమండీ. ఇది ఆఫీసులో పోయింది కదా."

ఆయన గోడ వదల్లేదు. "నాన్న ఏడుస్తున్నాడు. నీళ్ళ కోసం చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చూడలేక..."

"చూడలేక నింపి ఇచ్చారు. సరే. మరి జ్వరం బుడ్డి వల్లేనని అత్తయ్య అంటుంటే?"

"గొడవెందుకని."

ఆ రెండో మాట విన్నాక కోడలికి చెప్పుల్లేని కాలితో చీకట్లో దేన్నో తొక్కినట్టయింది. ఏం తొక్కిందో చూడబుద్ధి కాదు, కాలు దించబుద్ధీ కాదు. ఈయన పొద్దున్నే సీసా నింపి తల్లి చేతికిచ్చి, ఆ తర్వాత కూతురి వైపు చూస్తూ, "నువ్వు తాతని ముట్టుకోకే" అన్న మనిషి. పిల్ల కంచం కిటికీ గట్టు మీదకి చేరిన రోజున ఆ కంచాన్ని మోసుకెళ్ళి పెట్టింది ఈ చేతులే. సీసాలోని నూగు మీగడని చూసినప్పుడు రాని వాంతి ఇప్పుడు గొంతులోకి వచ్చింది.

"నీళ్ళ సంగతి నీళ్ళదే, దీని సంగతి దీనిదే" అంది అత్తగారు. "ఇన్నేళ్ళు ఆ మనిషికి కడిగిన గ్లాసులో, మెరిసే నీళ్ళిచ్చాను. ఇప్పుడు ఆ చీమిడి తాగించమంటారా? చెంచాతో తీస్తే తీగలు సాగుతాయి. ఆయన మూతి తిప్పేసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటారు. నా చేత్తో నా మొగుడికి చీమిడి పొయ్యనా?"

మేడమ్ కొత్త గ్లాసులో నీళ్ళు పోసి, పొడి వేసి కలిపింది. నీళ్ళు బరువెక్కాయి. చెంచా ఎత్తితే కిందకి మెల్లగా, అయిష్టంగా జారాయి. మామగారు ఆ చెంచాని చూసి పెదాలు బిగించి, తల పక్కకి తిప్పేసుకున్నారు.

"చూశారా" అంది అత్తగారు, గెలిచినట్టు.

కోడలు ప్లాస్టిక్ సీసా బుడ్డి పొట్టి బల్ల మీద పెట్టి, మేడమ్ చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఎవరూ వద్దనే లోపల ఎత్తి గుటకేసింది. అది నీళ్ళలా రాలేదు. ఒక ముద్దలా వచ్చి నాలుక మీద కూర్చుంది, చల్లగా, ప్రాణమున్నదానిలా. గొంతు వెనక్కి నెట్టింది. ఆమె కళ్ళు మూసుకుని మింగింది. ఇంకో గుటక వేసింది. గ్లాసు దించేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అసహ్యంగానే ఉంది. అబద్ధమెందుకు" అంది. "కానీ చీమిడి ఇలా ఉండదత్తయ్యా. బుడ్డి చంటిదిగా ఉన్నప్పుడు ముక్కు మూసుకుపోయి ఊపిరాడక నీలంగా అయిపోతుంటే నోటితో పీల్చి ఉమ్మేదాన్ని. చీమిడి రుచి నాకు తెలుసు. ఇవి నీళ్ళే."

అత్తగారి మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. ఆ ముడతలు చూస్తుంటే కోడలికి భయం పోయింది. ఇన్నాళ్ళూ ఆ మొహం అలా ముడుచుకుంటే తను చేతులు కడుక్కోవడానికి పరిగెత్తేది. ఇప్పుడు కాళ్ళు కదల్లేదు.

"మీరు ప్రేమతోనే ఇచ్చారు, కాదనను. కానీ ఆ జ్వరం ఎలా వచ్చిందో తెలిసీ, నా పిల్ల నెత్తిన రుద్దారు. మురికి దాని నోట్లో లేదత్తయ్యా. బుడ్డి మానదు. దాని టైము దానిదే. మీరు ఆటోలో వేరే కూర్చుంటానంటే కూర్చోండి, మేం నడిచి వస్తాం."

"ఏరా, వింటున్నావా దీని మాటలు?"

"పోనీలే అమ్మా" అన్నాడాయన. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "పోనీలేవే" అన్నాడు. అటొకటి ఇటొకటి, ఒకే మాట, ఒకే తూకం.

"మీరు ఆ మాట ఇంకోసారి అన్నారంటే..." కోడలు ఆగిపోయింది.

ఎక్కడో గుటకల చప్పుడు.

గట్టి చప్పుడేం కాదు. దాహమేసిన మనిషి ఎవరో పక్క గదిలో తాగుతున్నంత మెత్తగా, తృప్తిగా, గుడుక్ గుడుక్ మని.

ఆమె తల తిప్పింది. చక్రాల కుర్చీలో మామగారు తల వెనక్కి వాల్చి, ఎడం చేత్తో ఆకుపచ్చ మూత సీసా ఎత్తి పట్టుకుని ఉన్నారు. మూత లేదు. మూత ఇంకా తన పిడికిట్లోనే ఉందని కోడలికి అప్పుడు తెలిసింది. నీళ్ళు కొన్ని ఆయన గడ్డం మీంచి చొక్కా మీదకి, కొన్ని లోపలికి. సీసా ఖాళీ అయింది. ఆయన దాన్ని దించి హాయిగా ఊపిరి తీసి, కళ్ళు మూసుకున్నారు.

కుర్చీ పక్కన బుడ్డి నిలబడి ఉంది. తాత ఎంతసేపట్నుంచి చెయ్యి చాపి ఉంచాడో ఎవరూ చూడలేదు. ఆ గదిలో ఆ అరచేతిని చూసింది బుడ్డి ఒక్కతే. నేర్పినట్టే తెచ్చి, నేర్పినట్టే పెట్టింది. ఇప్పుడు పెదాలు రెండూ కలిపి, చుక్క కూడా జారకుండా బిగపట్టి, ఒక్కొక్కరి చేతుల వంకా చూస్తోంది. చప్పట్ల కోసం.

కోడలి చేతులు లేవలేదు.

అత్తగారు ఒక్క క్షణం మొగుణ్ణి చూసింది. ఆయన కదలకుండా, నెమ్మదిగా, నిద్రపోబోయే మనిషిలా ఉన్నారు. ఆవిడ మొహంలోని ముడతలన్నీ విచ్చుకున్నాయి.

"చూశావా అమ్మాయ్? అన్ని నీళ్ళు తాగారు. ఒక్క దగ్గు లేదు. పొలమారనే లేదు." వంగి, పిల్ల పుట్టాక మొదటిసారి బుడ్డిని రెండు చేతులా దగ్గరికి లాక్కుని, చొంగతో ఎప్పుడూ తడిసి ఉండే ఆ బుగ్గ మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. "మా తల్లే. మా బంగారు తల్లే. తాత దాహం నీకొక్కదానికే తెలిసింది."

కోడలు పిల్లని లాక్కుంది. తన చెంగుతో ఆ ముద్దుని గట్టిగా తుడిచేసింది.

అప్పటికే స్పీచ్ మేడమ్ కుర్చీ తన్నేసి లేచి, మామగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఛాతీ మీద చెవి ఆనించింది. తల ఎత్తేసరికి ఆమె మొహంలో నెత్తురు లేదు.

"దగ్గండి తాతగారూ" అంది. "ఒక్కసారి. నా కోసం ఒక్కసారి దగ్గండి."